మాట తెలియకపోయినా నవ్వించిన కార్టూన్లు

మోగ్లీ హిందీలో మాట్లాడేవాడు. అంకుల్ స్క్రూజ్‌దీ హిందీయే. స్కూబీ డూ ముఠా అంతా ఇంగ్లీషు. టామ్, జెర్రీ మాత్రం నోరు విప్పేవాళ్లు కాదు. ఎనభైల్లో, తొంభైల్లో తెలుగు ఇళ్లల్లో పెరిగిన పిల్లల కార్టూన్ చరిత్ర దాదాపుగా ఇంతే. తెలుగులో మాట్లాడే కార్టూన్ రోజూ ఇంట్లోకి వచ్చేసరికి ఆ పిల్లలకి మీసాలొచ్చేశాయి, కొందరికి పెళ్లిళ్లు కూడా అయిపోయాయి.

అందుకే ఆ తరం వాళ్లని కదిపితే డైలాగులు చెప్పరు. పాట అందుకుంటారు, చప్పుళ్లు చేసి చూపిస్తారు, ఎవడు ఎక్కణ్ణుంచి ఎలా పడ్డాడో చేతులతో చెప్తారు. "అప్పటి కార్టూన్లే కార్టూన్లు" అని కూడా అంటారు. అది సగమే నిజం. అప్పుడూ బోలెడు చెత్త వచ్చింది. కాకపోతే భాష రాని పిల్లాణ్ణి అరగంట కదలకుండా కూర్చోబెట్టాలంటే బొమ్మలో, చప్పుడులో పస ఉండి తీరాలి. ఆ పరీక్షలో నెగ్గినవి ఇప్పుడు చూసినా బాగున్నాయి. మాటల మీద బతికినవి చూస్తుంటే పది నిమిషాలకే రిమోట్ ఎక్కడుందా అనిపిస్తుంది.

ముందు టీవీ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే కార్టూన్ కంటే ముందు టీవీని దారికి తేవాల్సి వచ్చేది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ వాళ్లు ఈసీ టీవీలు తయారుచేసేవాళ్లు. డాబా మీద యాంటెనా, కింద షట్టర్ల పెట్టె. యాంటెనాలో అన్నిటికంటే వెనక ఉండే పొడవాటి కడ్డీ రిఫ్లెక్టర్. దాని ముందు మడతపెట్టినట్టు ఉండేది డైపోల్, తీగ బిగించేది దీనికే. దాని ముందున్న పొట్టి కడ్డీలు డైరెక్టర్లు. ఆ పొట్టి కడ్డీలు ట్రాన్స్‌మిటర్ వైపు చూడాలి. గాలివానకి పైపు తిరిగినా, కాకులు వాలి కడ్డీలు వంగినా ఆదివారం కార్యక్రమం గోవిందా.

చుక్కలు పడటం వేరు, రెండు బొమ్మలు పడటం వేరు. చాలామంది రెండింటికీ సిగ్నల్‌ని పెంచే బూస్టర్ ఒక్కటే మందనుకునేవాళ్లు. చుక్కలంటే సిగ్నల్ నీరసంగా వస్తోందని. దానికి బూస్టర్ పనిచేస్తుంది, కాకపోతే దాన్ని పైన యాంటెనా దగ్గరే బిగించాలి. కింద టీవీ వెనక పెడితే పొడుగాటి తీగలో సిగ్నల్ సగం హరించుకుపోయాక, మిగిలిన దానితో పాటు రొదని కూడా పెంచి పంపిస్తుంది. బొమ్మకి కుడిపక్కన మసగ్గా ఇంకో బొమ్మ కనిపిస్తే కథ వేరు. నేరుగా వచ్చిన సిగ్నల్‌తో పాటు, ఏ కొండకో నీళ్ల ట్యాంకుకో తగిలి కాస్త ఆలస్యంగా చేరిన సిగ్నల్ కూడా పడుతోందన్నమాట. బూస్టర్ పెడితే ఆ రెండోది కూడా బలుస్తుంది. యాంటెనాని కొంచెం కొంచెంగా తిప్పి, రెండో బొమ్మ మాయమయ్యే చోట ఆపడమొక్కటే దారి. డాబా మీద ఒకరు, కిటికీ దగ్గర ఒకరు, టీవీ ముందు ఒకరు. "వచ్చిందా?" "వచ్చింది... ఆ, పోయింది!" ఈ పని ముగ్గురు లేకుండా జరగదు. చదునుగా ఉండే రిబ్బన్ తీగ తడిగోడకో ఇనప పైపుకో ఆనుకున్నా బొమ్మ చెడుతుంది. అందుకే దాన్ని గోడకి ఎడంగా ఉంచేవాళ్లు.

ఇంత చేశాక బొమ్మ జారడం మొదలుపెట్టేది. వెనకవైపు ఉండే వర్టికల్ హోల్డ్ నాబ్‌ని మెల్లగా తిప్పితే నల్లపట్టీ జారుడు నెమ్మదించి ఆగుతుంది. ఆగిన చోటే వదిలేస్తే కాసేపటికి మళ్లీ జారుతుంది, అందుకని ఇంకో వెంట్రుకవాసి తిప్పి వదలాలి. ఎక్కువ తిప్పితే ఈసారి అటువైపు జారుతుంది. సెట్టు వేడెక్కేకొద్దీ లోపలి భాగాల విలువలు కాస్త మారతాయి కాబట్టి, పెట్టిన కొత్తలో కుదురుగా ఉన్న బొమ్మ అరగంట తర్వాత మొండికేసేది. సరిగ్గా కథ పాకాన పడే వేళకే అన్నమాట.

ఇక బొమ్మల్లోకి వద్దాం. తెలుగు ఇళ్లల్లో ఆదివారం అంటే మొదట గుర్తొచ్చేది "ద జంగిల్ బుక్". అది జపాన్ సరుకు. నిప్పాన్ యానిమేషన్ తీసిన 52 భాగాల సీరియల్, 1989లో అక్కడ టీవీ టోక్యోలో మొదలైంది. మనకి 1993లో హిందీ డబ్బింగ్‌తో వచ్చింది. హిందీకి కొత్తగా కట్టిన మొదటి పాట గుల్జార్ రాశాడు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడు. షేర్‌ఖాన్‌కి గొంతు నానా పటేకర్. హిందీ ముక్క రాని పిల్లలు సైతం ఆ పాటని తప్పుల్లేకుండా పాడేవాళ్లంటే ఆ బాణీ ఎంత తేలికైనదో చూడండి: చిన్న చిన్న తునకలు, అవే మళ్లీ మళ్లీ. గుక్కతిప్పుకోవడానికి కూడా చోటు కుదిరి ఉంటుంది.

మళ్లీ చూస్తే ఆ సీరియల్‌లో బొమ్మలు కదిలేది తక్కువని తెలుస్తుంది. సినిమా ఫిల్ములో సెకనుకి 24 ఫ్రేములు. జపాన్ టీవీ సీరియళ్లలో ఒక్కో బొమ్మని మూడు ఫ్రేములపాటు ఉంచడం మామూలు, అంటే సెకనుకి 8 బొమ్మలే. చాలాచోట్ల అవీ ఉండవు. తోడేలు ముఖం కదలకుండా నిలబడి ఉంటుంది, వెనక అడవి మీదుగా కెమెరా నెమ్మదిగా జరుగుతుంది, సంగీతం మిగతాది చూసుకుంటుంది. పిల్లలకి అది లోటుగా అనిపించలేదు, పెద్దయ్యాక కూడా అనిపించదు. ఎక్కడ పొదుపు చేయాలో ఎక్కడ ఖర్చుపెట్టాలో వాళ్లకి తెలుసు. షేర్‌ఖాన్ దూకే చోట పిసినారితనం చూపించలేదు.

డిస్నీ వాళ్లవి రెండు, "డక్ టేల్స్", "టేల్ స్పిన్". ఇవీ హిందీలోనే, తొంభైల నడుమ. రెండోదానిలో ఒక తమాషా ఉంది. డిస్నీ వాళ్లు తమ 1967 జంగిల్ బుక్ సినిమాలోని పాత్రల్నే తీసుకుని బల్లూని విమానం నడిపే పైలట్‌ని చేశారు, షేర్‌ఖాన్‌కి కోటు తొడిగి పెద్ద వ్యాపారవేత్తని చేశారు. కొద్ది తేడాలో ఒకే టీవీలో ఒక షేర్‌ఖాన్ అడవిలో గర్జించాడు, ఇంకో షేర్‌ఖాన్ ఆఫీసులో కూర్చుని లెక్కలు చూసుకున్నాడు. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం ఎవరూ విప్పి చెప్పలేదు. పిల్లలూ అడగలేదు. పులికి రెండు ఉద్యోగాలు ఉంటే మనకేం అభ్యంతరం?

వీటిలో "డక్ టేల్స్" ఎక్కువ నిలబడుతుంది. మొదటి విడత భాగాల యానిమేషన్‌లో జపాన్‌లోని టోక్యో మూవీ షిన్షా కంపెనీ చేయి ఉంది, ఆ పనితనం కనిపిస్తుంది: స్క్రూజ్ కర్ర తిప్పడం, డబ్బు గుట్టలోకి ఈత దూకడం. ఇది మాట అక్కర్లేని దృశ్యం. పిసినారి ముసలాయన, ముగ్గురు అల్లరి పిల్లలు, ఒక నిధి. అంతకుమించి అర్థం కావలసింది ఏమీ లేదు.

"హీ-మ్యాన్" సంగతి ఎత్తితే కొందరికి కోపం రావచ్చు గానీ అది నిలబడదు. ఫిల్మేషన్ కంపెనీ ఖర్చు తగ్గించడానికి ఒకసారి గీసిన నడకనీ పరుగునీ గుద్దునీ దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడేది. ఒక్క భాగాన్ని శ్రద్ధగా చూస్తే అదే పరుగు, వెనక రంగు మారి ఇంకోచోట దొరుకుతుంది. కత్తి ఎత్తి అరిచే ఘట్టం ప్రతివారం ఒకటే. పిల్లలకి అదే కావాలి, నిజమే. మిగతా ఇరవై నిమిషాలూ నిలబడి మాట్లాడుకోవడమే.

సొంత సరుకులో ఒక్కదాన్ని మాత్రం మెచ్చుకోకుండా వదలకూడదు. కార్యక్రమాల మధ్య సందు దొరికినప్పుడల్లా దూరదర్శన్ వేసిన ఏడు నిమిషాల "ఏక్ అనేక్ ఔర్ ఏక్తా". 1974లో ఫిల్మ్స్ డివిజన్ తీసింది. దర్శకత్వం వహించిన విజయ ములే, యానిమేషన్ చేసిన భీమ్‌సేన్, సంగీతం ఇచ్చిన వసంత్ దేశాయ్, ముగ్గురూ కలిసి నిలబెట్టిన చిన్న సినిమా అది. వలలో పడ్డ పక్షులు వలతో సహా ఎగిరిపోవడమనేది మిత్రలాభం చదివిన ఇంట్లో కొత్త కథేం కాదు, చిత్రగ్రీవుడిదే. కథ ముందే తెలుసు కాబట్టి హిందీ అడ్డం రాలేదు. గీతలు తక్కువ, రంగులు చదును, పక్షులు చుక్కల్లా గుంపుకడతాయి. ఇప్పటి బడ్జెట్లతో తీసిన నీతి కార్టూన్లు దాని దరిదాపుల్లోకి రాలేదని నా అభిప్రాయం.

తర్వాత కేబుల్ వచ్చింది. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో 1995 మే 1న మొదలైంది. పగలు కార్టూన్లు, చీకటిపడ్డాక అదే చానల్లో టీఎన్‌టీ వాళ్ల పాత ఇంగ్లీషు సినిమాలు. కేబుల్ పెట్టించుకున్నా కొన్ని ఇళ్లల్లో ఆ చానల్ వచ్చేది కాదు. కారణం టీవీలో ఉంది. పాత సెట్ల ట్యూనర్ దూరదర్శన్ కోసం పెట్టిన వీహెచ్ఎఫ్ చానళ్లనే పడుతుంది. కేబుల్ వాళ్లు ఆ కొద్ది చోట్లలో తెలుగు చానళ్లనీ సినిమాలనీ క్రికెట్‌నీ సర్ది, మిగతావి ఎస్ బ్యాండు అనే వేరే చానళ్ల వరుసలో వదిలేవాళ్లు. ఎస్ బ్యాండు పట్టాలంటే కొత్త సెట్టు కావాలి, లేదా కన్వర్టర్ పెట్టె కొనాలి. పిల్లల చానల్ కోసం కన్వర్టర్ కొన్న నాన్నలు ఎందరుంటారో ఊహించుకోవచ్చు. పక్కింట్లో చూడటం అలవాటైంది ఇందుకే.

ఆ చానల్లోనే టామ్ అండ్ జెర్రీ పూర్తిగా దొరికింది. దీని గురించి పెద్దవాళ్లు కూడా పట్టించుకోని ఒక సంగతి పిల్లలు ఇట్టే పట్టేసేవాళ్లు: టామ్‌లు ముగ్గురున్నారని. మొదటివాడు విలియం హానా, జోసెఫ్ బార్బెరా తీసిన టామ్, 1940 నుంచి 1958 దాకా 114 చిత్రాలు. రెండోవాడు జీన్ డైచ్ ప్రాగ్‌లో తీసిన టామ్, 13 చిత్రాలు. మూడోవాడు చక్ జోన్స్ టామ్, దట్టమైన కనుబొమలవాడు, 1963 నుంచి 1967 దాకా 34. ఏడు ఆస్కార్లూ మొదటివాడి ఖాతావే. డైచ్ సినిమా మొదలవగానే చప్పుడుతోనే దొరికిపోతుంది. అడుగుల శబ్దం గుహలోంచి వస్తున్నట్టు మోగుతుంది, కదలికలు కుదుపుగా ఉంటాయి, టామ్ యజమాని కొట్టే దెబ్బల్లో నవ్వు రాదు, భయమేస్తుంది. కొందరికి ఇప్పుడవే ఇష్టం. వింతగా ఉన్నమాట నిజమే గానీ హాస్యం అంటే ఒప్పుకోలేం.

మొదటివాటిలో గొప్పతనం కొలతది. ఏడు నిమిషాల చిత్రంలో 10,080 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపినా ఒక్క టామ్‌కే అయిదువేల పైచిలుకు బొమ్మలు కావాలి. ఎక్కడ ఏ దెబ్బ పడాలో ఫ్రేముల లెక్కన ముందే రాసుకునేవాళ్లు. 12 ఫ్రేములకి ఒక తాళం అంటే అర సెకను, నిమిషానికి 120 దెబ్బలు. 8 ఫ్రేములైతే 180, ఇక అది తరుముడే. స్కాట్ బ్రాడ్లీ ఆ లెక్క మీదే సంగీతం రాశాడు. జెర్రీ మునివేళ్ల మీద నడిస్తే తీగవాద్యం ఒక్కో అడుగుకీ ఒక్కో స్వరం మీటుతుంది. మాటలు ఉండవు కాబట్టి కోపం, వంకర ఆలోచన, బతిమాలుకోవడం అన్నీ వాద్యాలే చెప్పాలి. ఆఖరికి టామ్ వేసే ఆ గావుకేక కూడా హానాది, అంటే దర్శకుడి గొంతే. పేరంటంలో పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నా, పక్కగదిలోంచి ఆ కేక వినిపిస్తే కథ ఎంతవరకు వచ్చిందో పిల్లలకి తెలిసిపోయేది.

రోడ్ రన్నర్‌ది ఇంకా పొదుపు. చక్ జోన్స్ బృందం 1949లో మొదలుపెట్టింది. పక్షి "బీప్ బీప్" తప్ప ఏమీ అనదు, ఆ గొంతు కూడా వెనక దృశ్యాలు గీసే పాల్ జూలియన్‌ది. దాన్ని తరిమే నక్క లాంటి కయోటీ కొండ అంచు దాటి గాల్లో నాలుగడుగులు వేస్తాడు. కింద నేల లేదని తెలిసేదాకా పడడు. తెలిశాక మనకేసి ఒక చూపు చూస్తాడు, చెవులు వాలిపోతాయి. అప్పుడు పడతాడు. పై నుంచి చూస్తుంటే చుక్కగా మారి మాయమవడానికి 18 ఫ్రేములు. ఆ తర్వాత 14 ఫ్రేములపాటు ఏమీ జరగదు. అప్పుడు చిన్న దుమ్ము లేస్తుంది. ఆ 14 ఫ్రేములు, అర సెకనుకి కాస్త ఎక్కువ, అక్కడే ఉంది నవ్వంతా. దాన్ని పదికి తగ్గిస్తే నేల మరీ దగ్గరున్నట్టు ఉంటుంది, ముప్పైకి పెంచితే చూసేవాడు ఇంకేదో ఆలోచిస్తాడు. ఈ లెక్క ఎన్నోసార్లు తీసి తీసి రాబట్టింది.

ఇదే హానా, బార్బెరాలు టీవీకి వచ్చాక చేసినవి చూస్తే ఇద్దరూ వాళ్లేనా అనిపిస్తుంది. టీవీ డబ్బు తక్కువ, గడువు తక్కువ. యోగి ఎలుగుబంటికి మెడలో కాలరు, టై ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? కాలరు గీత దగ్గర తలని విడదీయొచ్చు. ఒంటిని ఒక పారదర్శక షీటు మీద ఒకసారి గీసి వదిలేసి, మాట్లాడేటప్పుడు తలని మాత్రమే మారుస్తారు. ఫ్లింట్‌స్టోన్ పరుగెడితే అదే కుర్చీ, అదే దీపం, అదే కిటికీ మళ్లీ మళ్లీ దాటిపోతాయి. బొమ్మ తగ్గిన చోట మాట పెరిగింది. మన పిల్లలకి దెబ్బ తగిలింది అక్కడే. "స్కూబీ డూ"లో మొదటి అయిదు నిమిషాలూ, చివర ముసుగు తీసే ఘట్టమూ తప్ప మిగతాది ఇంగ్లీషు రానివాళ్లకి గోడకేసి చూడటమే. ఆ ముసుగు తీసే ఘట్టం మాత్రం ఎంత బాగుంటుందంటే, దానికోసం మిగతాది భరించారు.

మాట తగ్గిస్తే ఏమవుతుందో తర్వాత్తర్వాత కార్టూన్ నెట్‌వర్కే చూపించింది. గెండీ టార్టకోవ్‌స్కీ తీసిన "సమురాయ్ జాక్" 2001లో వచ్చింది. బొమ్మల చుట్టూ నల్లగీత ఉండదు, రంగు రంగుతోనే విడిపోతుంది. నిమిషాలకి నిమిషాలు ఎవరూ మాట్లాడరు. గాలి, గడ్డి, కత్తి ఒరలోంచి వచ్చే చప్పుడు. ఇంగ్లీషు మీడియం పిల్లాడికీ, తెలుగు మీడియం పిల్లాడికీ అది సమానంగా అర్థమైంది. టీవీ కోసం తీసినవాటిలో నా లెక్కలో దానిదే మొదటి స్థానం. "కరేజ్" కుక్క రెండోది, చిన్నపిల్లలకి వేయకూడదనే షరతు మీద. నవ్వు పేరుతో అంత భయపెట్టిన కార్టూన్ ఇంకోటి లేదు.

ఇప్పుడు ఆ పాతవి ఆన్‌లైన్‌లో చూసి కొందరు "సంగీతం కాస్త బరువుగా, నెమ్మదిగా ఉందేంటి" అంటారు. చెవి మోసం చేయడం లేదు. అప్పట్లో మన దూరదర్శన్‌ది పాల్ అనే ప్రసార పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు. సినిమా ఫిల్ము 24. ఫిల్మును నేరుగా పాల్‌లోకి ఎక్కించేటప్పుడు మామూలుగా చేసే పని, 24ని 25గా తిప్పేయడం. నూటికి నాలుగు వంతుల వేగం పెరుగుతుంది. ఏడు నిమిషాల చిత్రం పదహారు, పదిహేడు సెకన్ల ముందే అయిపోతుంది. శబ్దం కూడా పైకి లేస్తుంది, హార్మోనియంలో ఒక మెట్టుకి ముప్పాతిక వంతు. అలా ఎక్కించిన ప్రతులు వింటూ పెరిగిన చెవికి అసలు వేగమే నెమ్మదిగా తోస్తుంది.

తెలుగు మాటలు నిలకడగా వచ్చింది రెండువేల తర్వాతే. సన్ వాళ్ల ఖుషీ టీవీ 2009లో మొదలైంది, పోగో లాంటి చానళ్లు తెలుగు ఆడియో ఇచ్చాయి. డబ్బింగ్‌లో ముందు చూసేది పెదవులు. ప, బ, మ పలకాలంటే పెదవులు మూతపడాలి, ఆ మూతపడే ఫ్రేములో తెలుగు మాటకి కూడా అలాంటి అక్షరమే పడాలి. జపాన్ బొమ్మలతో ఈ బాధ తక్కువ, వాటికి మూసిన నోరు, సగం నోరు, తెరిచిన నోరు, ఈ మూడే ఎక్కువగా ఉంటాయి. ఏ భాషైనా ఒదుగుతుంది. డిస్నీ బొమ్మకి ఓ అంటే గుండ్రటి నోరు, ఫ అంటే పళ్లకింద పెదవి. అందుకే కష్టం. ఇంకో తిప్పలు నిడివితో. ఇంగ్లీషులో సెకనులో అయిపోయే మాటకి తెలుగులో సెకనున్నర పడితే, గొంతు ఇచ్చేవాళ్లు గబగబా తోసేస్తారు. అసలు కంపెనీ నుంచి సంగీతం, చప్పుళ్లు విడి ట్రాకుగా రాకపోతే ఇంకా ఘోరం. మాట వచ్చినప్పుడల్లా వెనక సంగీతం ఠక్కున తెగిపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద జబ్బు ఖాళీ నింపడం. పాత్ర వెనక్కి తిరిగినా, తలుపు అవతల ఉన్నా, "అయ్య బాబోయ్, ఇప్పుడేం చేయాలి?" అని ఒక ముక్క ఇరికిస్తారు. "ఒగ్గీ అండ్ ద కాక్రోచెస్" ఫ్రెంచివాళ్లు మాటలు లేకుండా తీసింది. హిందీలో దానికి సినిమా హీరోల గొంతులు అనుకరించి మొదటినుంచి చివరిదాకా వాగించారు. పిల్లలు పడీపడీ నవ్వారు, కాదనను. కానీ ఆ గొంతు తీసేసి చూడండి, బొద్దింకలు ఇంకా బాగా నవ్విస్తాయి.

"ఛోటా భీమ్" ఇక్కడి సరుకు. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌ది, రాజీవ్ చిలకా సృష్టి, 2008లో పోగోలో మొదలైంది. బొమ్మలో కదలిక గొప్పగా ఉంటుందని ఎవరూ అనరు, చేతులూ కాళ్లూ కీళ్ల దగ్గర తిరిగే అట్టబొమ్మల కదలిక. కథలో మలుపూ ఒకటే, లడ్డూ తినగానే బలం. పాప్‌ఐ పాలకూరకి ఇది మన రూపం అంటారు గానీ, 1957లోనే ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవి ఎగురుకుంటూ వెళ్లిన దేశంలో పాప్‌ఐ దాకా పోనక్కర్లేదు. ఆ ఒక్క లడ్డూల ఘట్టంలో ఉన్న సొగసు భీమ్ వంద భాగాల్లో కలిపినా రాదు. అయినా పంచెకట్టు పిల్లాడు, ఊరి రచ్చబండ, కోతి స్నేహితుడు ఉన్న కార్టూన్‌ని మన పిల్లలు సొంతం చేసుకోవడంలో వింతేమీ లేదు.

తెలుగు డబ్బింగ్‌లో మెచ్చుకోదగ్గది 2019 "లయన్ కింగ్". ముఫాసాకి జగపతిబాబు, సింబాకి నాని, స్కార్‌కి రవిశంకర్, పుంబా, టిమోన్‌లకి బ్రహ్మానందం, అలీ. ఆ సినిమాలో జంతువుల ముఖాలు నిజం జంతువుల్లా ఉండి భావం పలకవు, అదే దాని లోపం. గొంతుల మీద భారం పడింది. మనవాళ్లు ఆ భారం బాగానే మోశారు. పుంబా, టిమోన్ ఇంగ్లీషు కంటే తెలుగులోనే ఎక్కువ నవ్వించారు. 1994 నాటి చేతిబొమ్మల సినిమాతో పోల్చి చూడాలనుకుంటే మాత్రం ముందు దీన్ని చూసి తర్వాత దాన్ని చూడండి. వరస మారిస్తే కొత్తది అసలు చూడలేరు.

పాతవి ఇంట్లో పిల్లలకి చూపించాలనుకునేవాళ్లకి కొన్ని పనికొచ్చే మాటలు. ముందు టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి కదలికని నునుపుచేసే సదుపాయం ఆపేయండి. సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ లేదా ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అన్న పేర్లతో ఉంటుంది. అది రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముని కల్పించి ఇరికిస్తుంది. రెండేసి ఫ్రేములు నిలిచే చేతిబొమ్మలో అలా చేస్తే గీతలు కరిగి జిగురులా సాగుతాయి, కయోటీ పడటంలో ఉన్న ఆ లెక్క పాడవుతుంది. బొమ్మ గీతలు అలుక్కుపోతుంటే నాయిస్ రిడక్షన్ కూడా ఆపాలి. తెర కొలత 4:3లోనే ఉంచండి, పక్కల నల్లపట్టీలు వస్తే రానివ్వండి. పట్టీలు పోవాలని సాగదీస్తే జెర్రీ లావెక్కుతాడు, జూమ్ చేస్తే కాళ్లూ తలా తెగుతాయి. 1954 తర్వాతి టామ్ అండ్ జెర్రీల్లో వెడల్పు తెర కోసం తీసినవి ఉన్నాయి, వాటికి మాత్రం అసలు వెడల్పే ఉండాలి. అప్పట్లో టీవీలో చూసింది వాటి అంచులు కోసిన రూపం.

ఏది మంచి ప్రతో పేర్ల కార్డులో తెలిసిపోతుంది. నిర్మాతగా ఫ్రెడ్ క్వింబీ పేరుంటే అది హానా, బార్బెరాల మంచి కాలం. మొదట్లో ఎంజీఎం సింహం స్థానంలో టామ్ మ్యావుమంటే చక్ జోన్స్‌ది. నలభైల నాటి కొన్నిటిలో నల్లజాతివాళ్లని ఎగతాళి చేసే బొమ్మలున్నాయి, బాంబు పేలగానే ముఖం మసిబారి వాళ్లలా మారిపోయే హాస్యం అలాంటిదే. టీవీలో వాటిని చాలావరకు కత్తిరించారు గానీ ఆన్‌లైన్ ప్రతుల్లో ఉంటాయి. పక్కన పెద్దవాళ్లు ఉంటే మంచిది. వయసు నాలుగైదేళ్లయితే రోడ్ రన్నర్‌తో మొదలుపెట్టండి, వరసగా మూడు మించి వేయకండి. అన్నీ ఒకే ఉపాయం మీద నడుస్తాయి, నాలుగోదానికి మొహం మొత్తుతుంది.

ఎవరెవరో ఎక్కించిన వీడియోలతో జాగ్రత్త. హక్కుల తనిఖీని తప్పించుకోవడానికి బొమ్మని అద్దంలోలా తిప్పేస్తారు, వేగం పెంచుతారు, చుట్టూ చట్రం కట్టి చిన్నది చేస్తారు. దుకాణం బోర్డు మీదో కయోటీ తెప్పించుకున్న పెట్టె మీదో అక్షరాలు తిరగబడి ఉంటే అది అలాంటి ప్రతే. గొంతులు పీలగా వినిపించినా అంతే. దాన్ని వదిలేసి ఇంకోటి వెతుక్కోండి.